మా కారుకి అమ్మవారు పోసింది

"ఇదేమిటమ్మా, మన కారుకి అమ్మవారు పోసిందా?"

బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా జరిపి మా నాన్న అన్న మాట ఇది. అప్పటికి వారం రోజులుగా ఆయన్ని షెడ్డు వైపు రానివ్వకుండా ఏదో ఒక వంక చెబుతున్నాను. "ఎండ మండిపోతోంది నాన్నా", "వాన పడేట్టుంది నాన్నా" అంటూ. ఆయనకి చూపు సరిగ్గా ఆనదు కదా, కనిపెట్టలేరులే అనుకున్నాను. చేత్తో తడిమి చూస్తారన్న ఆలోచనే నాకు తట్టలేదు.

42 వేల రూపాయలు పోశాను ఆ రంగుకి. మావారి జేబులోంచి తీసింది కాదు, రెండేళ్ళు నెలనెలా కట్టుకున్న నా చీటీ డబ్బు.

ముందు కారు సంగతి చెప్పాలి. కాగితాల్లో దాని పేరు ప్రీమియర్ పద్మిని, 1984 మోడలు. చిత్తోడ్ రాణీగారి పేరు పెట్టారుట. మా తెనాలిలో మాత్రం దాన్ని ఎవ్వరూ అలా పిలవలేదు, ఎప్పుడూ 'ఫియటే'. మా వీధి డాక్టరుగారు మారుతి కొనుక్కుంటూ దీన్ని 1991లో నాన్నకి అమ్మారు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు కారు కొనడమేమిటని స్టాఫ్‌రూమ్‌లో చాలా రోజులు చెప్పుకున్నారని అమ్మ నవ్వుతూ చెప్పేది. స్టీరింగు పక్కనే గేరు. నేను డ్రైవింగు నేర్చుకున్నది ఆ గేరు మీదే. ఈ రోజుకీ మావారికి అది లొంగదు, నాకు లొంగుతుంది! ఈ కార్ల తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది. బొంబాయిలో నలుపూ పసుపూ టాక్సీలుగా తిరిగినవి కూడా 2023 అక్టోబరు 30 నుంచి రోడ్డెక్కడం మానేశాయి. ఆ వార్త నేను చదివి వినిపిస్తే నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

2022లో మా గేటు స్తంభానికి కారు ఎడమ పక్క మొత్తం గీసుకుపోయింది. నడిపింది నాన్నే. "స్తంభం కనిపించలేదమ్మా" అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఉన్న స్తంభం! కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళితే నీటికాసులన్నారు. గ్లకోమా అంటారే, అదే. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతింటుంది. ముందు పక్క చూపు పోతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంటుంది కాబట్టి మనిషికి చాలాకాలం తెలియను కూడా తెలీదు. పోయిన చూపు తిరిగి రాదు, రోజూ చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది. అంతవరకే. ఇంట్లో ఎవరికైనా ఉంటే పిల్లలకీ, తోబుట్టువులకీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని నలభై నిండకపోయినా నేనూ వెళ్ళి కంటి ఒత్తిడి చూపించుకున్నాను. మీ ఇళ్ళలో ఎవరికైనా ఉంటే మీరూ చూపించుకోండి, నొప్పి లేని పరీక్ష.

నాన్న ఆ రోజే తాళాలు నా చేతికిచ్చేశారు. తరవాత ఒకసారి అన్నారు, "దానికి రంగు వేయించమ్మా, నాకు కాస్త కనిపిస్తుండగానే" అని. అమ్మ పోయాక ఆయన నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అందుకని 2024లో ఆర్‌సి రెన్యువల్ అయిపోగానే ఒక షెడ్డులో ఇచ్చాను. ఎక్కడో, ఎవరో అనవసరం. ఇరవై రోజులన్నాడు, నలభై రోజులకిచ్చాడు. అది జులై, ముసురు. కారు ఇంటికొచ్చిన రోజు అద్దంలా ఉంది. పిల్లలు అందులో మొహాలు చూసుకుని జడలు సర్దుకున్నారు. పది రోజులకి బానెట్ మీద రంగు ముడతలు పడింది, పాలమీద మీగడ ముడతలు పడుతుందే, అచ్చం అలాగే. తలుపుల కింద బొబ్బలు లేచాయి. గోటితో గిల్లితే లోపల నీటి చెమ్మ! ఎడమ వెనక తలుపు దగ్గరైతే రంగు రేకులా ఊడి వచ్చింది, దాని వెనకాల ఎర్రటి తుప్పు.

అతన్ని అడిగితే, "ఎండలో పెట్టి ఉంటారు మేడమ్" అన్నాడు. కారుని ఎండలో పెట్టకూడదా? మళ్ళీ వేస్తాను, మెటీరియల్ ఖర్చు మీదే అన్నాడు. మూడోసారి ఫోను చేస్తే ఎత్తలేదు.

మావారు మంచివారే. కానీ ఆ రాత్రి అన్నం తింటూ, "పాత ఇనుముకి ఇచ్చేద్దాం, మావయ్యగారికి నేను చెప్తాను" అన్నారు. ఆ 'పాత ఇనుము' అన్న మాట నాకు ముద్ద దిగనివ్వలేదు.

పాకమా, ఉడికిన గుడ్డా?

విజయవాడ ఆటోనగర్‌లో రంగుల కొట్లు వరసగా ఉంటాయి. ఒక కొట్టు ముందు బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళు గన్ను పట్టి, ఊపిరితిత్తులు పాడై మానేసిన పెయింటింగు మేస్త్రీ. నేను ఫోన్లో ఫొటోలు చూపిస్తే ఆయన తల అడ్డంగా ఊపాడు. "తల్లీ, కింద ఉన్న పాత రంగు ఏమిటో చూడకుండా పైన వేరే జాతి రంగు కొట్టాడు. ఇంటికెళ్ళి ఒక గుడ్డ థిన్నర్‌లో ముంచి డిక్కీ లోపల రుద్దు. రంగు గుడ్డకి అంటుకుంటే అది ఎన్.సి. అంటుకోకపోతే కాదు."

అంటుకుంది. నీలంగా.

మిగతాది నాన్న చెప్పారు. ఎన్నాళ్ళకి కెమిస్ట్రీ అడిగేవాళ్ళు దొరికారో, నేల మీద బాసింపట్టు వేసుకుని మరీ మొదలుపెట్టారు. ఎన్.సి. అంటే నైట్రోసెల్యులోజ్. దూదిలో ఉండే సెల్యులోజ్‌ని నైట్రిక్ ఆమ్లంతో కలిపి చేస్తారు. అందులోని ద్రావకం ఎగిరిపోగానే రంగు గట్టిపడుతుంది, అంతే. బెల్లం పాకం లాంటిదన్నమాట. ఆరాక కూడా నీళ్ళు పోస్తే బెల్లం కరిగినట్టు, థిన్నర్ తగిలితే ఇదీ కరుగుతుంది. పి.యు. రంగు అలా కాదు. దాంట్లో హార్డెనర్ కలుపుతారు, రెండూ రసాయన చర్య జరిపి బిగుస్తాయి. ఉడికిన గుడ్డులాగా. ఇక వెనక్కి తీసుకెళ్ళలేం. పాత ఎన్.సి. మీద అడ్డుపొర ఏమీ లేకుండా పి.యు. కొడితే, దాంట్లోని ఘాటు ద్రావకం కింది పొరను ఉబ్బిస్తుంది. పైది బిగుస్తూ, కిందిది ఉబ్బుతూ ఉంటే ముడతలు రాక ఏం చేస్తాయి?

బొబ్బల సంగతి మేస్త్రీ చెప్పాడు. సొట్టలకి పెట్టే పుట్టీ నీళ్ళు పీల్చుకుంటుంది. వానాకాలంలో నీళ్ళతో రుద్ది, పూర్తిగా ఆరకుండా పైన ప్రైమర్ కొడితే ఆ తడి లోపలే బందీ. ఎండ తగలగానే ఆవిరై పైకి తంతుంది. కాబట్టి ఎండ తప్పు ఉన్నమాట నిజమే, పాపం అతను పూర్తిగా అబద్ధం చెప్పలేదు!

"మరిప్పుడేం చెయ్యాలి బాబాయ్?" అన్నాను.

"మొత్తం ఇనుము దాకా తీసెయ్యాలి. కూలికి ఇస్తే ఈ పని ఎవడూ సరిగ్గా చెయ్యడు తల్లీ. విసుగు పని. నీకు ఓపికుంటే ఇంట్లో చేసుకో."

ఓపిక సంగతి ఆడవాళ్ళనా అడగడం? ఏటా పాతిక కేజీల ఆవకాయ ముక్కలు ఒక్కొక్కటే జీడి తీసి తుడిచేదాన్ని.

అక్టోబరు నుంచి అరచేతులతో

పైన వేసిన పి.యు. తీసేసి మళ్ళీ పి.యు. వేస్తే మెరుపు ఎక్కువ, మన్నిక ఎక్కువ. కానీ ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లని ఉంటాయి. పొగమంచులా గాల్లో తేలే ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం పట్టుకోవచ్చు. ఒకసారి పడకుండా పోయిందంటే తరవాత కొంచెం తగిలినా ఊపిరాడదు. బయటినుంచి మంచిగాలి గొట్టంతో వచ్చే మాస్కు ఉండాలి దానికి. మేస్త్రీ జీవితమంతా ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని కొట్టాడు. మా బాబుకి చలికాలం వస్తే పిల్లికూతలు. అందుకని పాత ఎన్.సి.నే వేద్దామనుకున్నాం. దాని థిన్నర్ వాసనా మంచిదేం కాదు. బొగ్గు డబ్బీలున్న మాస్కు రెండు కొన్నాను. ముఖానికి గాలి చొరబడకుండా బిగియాలి, బట్ట మాస్కు దేనికీ పనికిరాదు. షెడ్డు మూడు పక్కలా తెరిచే ఉంటుంది. పిల్లల్ని పని జరిగినన్ని రోజులూ మా అత్తయ్యగారి గదిలో చదువుకోమన్నాం.

పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్ళ రంగుల్లో దాన్ని 90 పి.పి.ఎం. మించకూడదని మన దేశంలో 2017 నవంబరు నుంచి నిబంధన ఉంది. 1984 కారు రంగుకి ఏ నిబంధన? అందుకని పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా తిరుగుతుంది. వీలైనంతవరకు నీళ్ళ ఎమరీతోనే రుద్దాను, ఆ బురదని కాగితాల్లోకి ఎత్తాను, నా పనిచీర వేరే బకెట్లో ఉతుక్కున్నాను.

బానెట్‌కి మాత్రం రంగు తీసే జెల్ పూశాం. అమ్మో, చర్మానికి తగిలితే చుర్రుమంటుంది. రబ్బరు తొడుగులు, కళ్ళజోడు లేకుండా దాన్ని ముట్టుకోకండి. పూసిన పావుగంటకి ముడతలన్నీ లేచి అట్టలా వచ్చేశాయి. ఆ ఒక్కటే తేలికైన పని. మిగతా కారంతా నేనే రుద్దాను. పొద్దున పిల్లలు స్కూలుకి, ఆయన ఆఫీసుకి వెళ్ళాక రెండు గంటలు, సాయంత్రం దీపం పెట్టేలోపు ఒక గంట. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 220, 400, 800 దాకా. వేళ్ళతో రుద్దితే వేళ్ళ సందులు గాడులుగా పడతాయి. అందుకని చెక్కదిమ్మకి కాగితం చుట్టి రుద్దాలి. గాజులు తీసి పక్కన పెట్టాను, గోళ్ళు వాటంతటవే అరిగాయి. దీపావళికి వచ్చిన మా ఆడపడుచు నా చేతులు చూసి, "వదినా, ఇవి కథలు రాసే చేతులేనా!" అంది. నవంబరంతా నేను ఒక్క కథా రాయలేదు, ఆ మాట నిజం.

ఎడమ తలుపు కింద తుప్పు తినేసిన చోట రెండు చిల్లులు తేలాయి. టింకరింగ్ అబ్బాయిని ఇంటికి పిలిపించి కొత్త రేకు ముక్క వెల్డింగ్ చేయించాం. ఇనుము కనిపించిన ప్రతిచోటా అదే రోజు ప్రైమర్ పడాలని మేస్త్రీ గట్టిగా చెప్పాడు, మన గాలికి ఒక్కరాత్రిలో తుప్పు మొదలవుతుంది.

తరవాత పుట్టీ పెట్టి రుద్దడం. ఇక్కడే నాన్న వచ్చారు.

సొట్ట పూర్తిగా పోయిందో లేదో కంటికి తెలీదు. మాటు రంగు మీద అంతా చదునుగానే కనిపిస్తుంది, మెరుపు రంగు పడ్డాక అలలు బయటపడతాయి. ఏ టింకరింగ్ మేస్త్రీ అయినా అరచేత్తోనే చూస్తాడు, వేళ్ళ కొసలతో కాదు. మధ్యలో ఒక పల్చటి బట్ట ఉంటే ఇంకా బాగా తెలుస్తుందట. నేను పెట్టెలోంచి అమ్మ వాయిల్ చీర ఒకటి తీసి ముక్క చింపాను. చించేముందు నాన్నని అడిగాను. "వాడుకో" అన్నారు.

ఆయన కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకునేవారు. చెయ్యి పొడుగునా జరిపేవారు. "ఇక్కడ. కాస్త పైకి. రూపాయి బిళ్ళంత లోతు." నేను పెన్సిలుతో సున్నా చుట్టేదాన్ని. నాకు ఏమీ తెలిసేది కాదు. ఒకరోజు నాకే అనుమానమొచ్చి, మేస్త్రీ చెప్పినట్టు పైన పల్చగా నల్లరంగు తుంపర చల్లి చదునుగా రుద్దాను. గుంటలో ఉన్న నలుపు పోదు కదా. నలుపు సరిగ్గా ఆయన చెప్పిన సున్నాల్లోనే మిగిలింది!

ఎడమ వెనక తలుపు దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఇది 1998. దుగ్గిరాల రోడ్డులో ఎడ్లబండి నొగ తగిలింది. మీ అమ్మ ఒళ్ళో గోంగూర కట్టలున్నాయి, అన్నీ కింద పడ్డాయి" అన్నారు. అక్కడ పుట్టీ మూడుసార్లు పెట్టాల్సి వచ్చింది.

రంగు పడ్డ రోజులు

మా పాప ఎర్రరంగు వెయ్యమంది. రంగు మారిస్తే ఆర్‌సిలో రాయించుకోవాలి, ఆ ఆఫీసు చుట్టూ తిరగడం నా వల్ల కాదని చెప్పాను. అసలు కారణం అది కాదనుకోండి. నీలమే. డిక్కీ మూత లోపలి వైపు, ఎండ సోకని చోటు చూపించి కొట్లో రంగు కలిపించాం.

గన్ను పట్టడం మా పాత ఇనపబీరువా తలుపు మీద నేర్చుకున్నాను. మొదటిరోజు రంగంతా కన్నీళ్ళలా కారింది. దగ్గరగా పెడితే కారుతుంది, దూరంగా పెడితే నారింజ తొక్కలా గరుకుగా పడుతుంది. జానెడు దూరం సరిపోతుంది. చెయ్యి చాపలా అడ్డంగా పోవాలి, మణికట్టు తిప్పకూడదు, ప్రతి గీతా ముందుదాన్ని సగం కప్పాలి. పదిహేను రోజులకి బీరువా తలుపు కొత్త పెళ్ళికూతురిలా తయారైంది.

అద్దాలకీ, దీపాలకీ కాగితాలు అతికించాం. థిన్నర్ ఒకే పొరలోంచి దిగుతుందని రెండేసి వేశాం. మావారు అద్దం మీద అతికించినవాటిల్లో ఒకటి నా కథ పడ్డ ఆదివారం సంచిక! "చూడలేదు" అన్నారు. చూసే ఉంటారు.

నైట్రోసెల్యులోజ్ భగ్గున అంటుకునే సరుకు. ఒకప్పుడు దీన్నే తుపాకీ మందుగా కూడా వాడారని నాన్న ముందే భయపెట్టారు. కంప్రెసర్‌ని పొడుగు గొట్టంతో దూరంగా పెట్టాం, షెడ్డు వైపు కిటికీలు మూసి వంటింట్లో పొయ్యి కట్టేశాం, థిన్నర్ గుడ్డలు నీళ్ళ బకెట్లో వేశాం. దుమ్ము లేవకుండా నేలంతా కళ్ళాపి చల్లినట్టు తడిపాను. ముగ్గు ఒక్కటే తక్కువ.

సంక్రాంతి వెళ్ళిన వారానికి, 2025 జనవరిలో, మొదటి పొర. మంచు పూర్తిగా విడవకముందే తొందరపడి తొమ్మిదింటికే మొదలుపెట్టాను. చూస్తుండగానే టాపు మీద నీలం తెల్లగా పాలిపోయింది, విభూతి రాసినట్టు. గన్ను అక్కడే పెట్టేసి ఏడ్చేశాను. మళ్ళీ 42 వేలు గుర్తొచ్చాయి. ద్రావకం గబగబా ఎగిరేటప్పుడు రేకు చల్లబడుతుంది, గాల్లో తేమ దాని మీద కురుస్తుంది, అదీ సంగతి. మంచినీళ్ళ కుండ చెమర్చదూ, అలా. మేస్త్రీకి ఫోను చేస్తే నవ్వాడు. "పోయిందేం లేదు తల్లీ. ఎండెక్కనియ్యి. నెమ్మదిగా ఆరే థిన్నర్ పల్చగా కొట్టు, అదే కరిగి కలిసిపోతుంది." మధ్యాహ్నం పన్నెండింటికి అలాగే చేశాను. తెలుపు మాయమైంది. నాన్న, "బెల్లం పాకమని చెప్పానా లేదా?" అన్నారు. ఉడికిన గుడ్డయి ఉంటే మళ్ళీ రుద్దాల్సి వచ్చేది.

ఆరు పల్చటి పొరలు, నాలుగు రోజులు. నెలరోజులు అలా వదిలేసి, తరవాత 1500, 2000 నంబరు కాగితాలతో నీళ్ళు పోస్తూ రుద్ది పాలిష్ పెట్టాం. ఎన్.సి.కి మెరుపు గన్నులోంచి రాదు, చేత్తో రుద్దితేనే వస్తుంది. ఆ రుద్దుడు మావారూ, పిల్లలూ పంచుకున్నారు. కాగితాలు, పుట్టీ, రంగు, థిన్నర్, మాస్కులు, వెల్డింగు, కంప్రెసర్ అద్దె అన్నీ కలిపి 19 వేల చిల్లర అయింది. నా కూలీ లెక్క వెయ్యలేదు. ముందు కుడి దీపం కింద ఒక కారుడు మిగిలిపోయింది, మీరు చూస్తే కనిపెట్టలేరు. నేను రోజూ చూస్తాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం కారుని ఎండలోకి తీశాను. నాన్న గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆయనకి కారంతా ఒకేసారి కనిపించదు. తల మెల్లగా తిప్పుతూ బానెట్, తలుపు, వెనక తలుపు, డిక్కీ, విడివిడిగా చూశారు. చాలాసేపు చూశారు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"కొంచెం ముదురుగా ఉందే" అన్నారు.

"డిక్కీ లోపలి రంగు నాన్నా. 1984ది."

"ఆఁ. డాక్టరుగారు కొత్తలో తెచ్చినప్పుడు ఇలాగే ఉండేది. మనం కొనేసరికి వెలిసిపోయింది. నేను మర్చేపోయాను" అన్నారు. తరవాత దగ్గరికొచ్చి, 1998 దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నారు. ఏమీ దొరకలేదు.

ఆ సాయంత్రం పెట్రోలు బంకుకి వెళ్ళాం. నేను నడిపాను, నాన్న పక్కన. బంకులో కుర్రాడు చుట్టూ తిరిగి, "ఎక్కడ వేయించారండీ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న, "ఇంట్లో" అన్నారు. కుర్రాడు ఆ మాటకి ఇటు తిరిగి చూస్తూ గొట్టం తీయబోయాడు. ఎన్.సి. మీద పెట్రోలు బొట్టు పడితే మచ్చే. తలుపు తీసుకుని, పమిట కొంగు చేత్తో పట్టుకుని, నేను అటువైపు పరుగెత్తాను.